పాత వాల్వు మైకుకు కొత్త కేబుల్


మన సభల్లోని మామూలు మైకుకు మూడు తీగల కేబుల్ చాలు. 1960లో జర్మనీ నాయ్‌మన్ సంస్థ తెచ్చిన యు-67 వంటి వాల్వు మైకుకు అది చాలదు. శబ్దంతోపాటు వాల్వుకు కావలసిన విద్యుత్తూ ఆ కేబుల్‌లోనే నడవాలి.

అందులోని ఇఎఫ్-86 వాల్వు ఫిలమెంటుకు 6.3 వోల్టులు, 0.2 ఆంపియర్లు అవసరం. రానుపోను తీగల నిరోధం 2 ఓములైతే 0.4 వోల్టు దారిలోనే తరిగిపోతుంది. కనుక ఫిలమెంటు తీగలు లావుగా ఉండాలి. శబ్దపు జతకు విడిగా షీల్డు ఉండాలి. వాల్వు ప్లేటుకు వెళ్లే తీగలో దాదాపు 200 వోల్టులుంటాయి. దానికి తగిన ఇన్సులేషన్ ముఖ్యం.

పాత కేబుల్ తీసేముందు ఏ పిన్నుకు ఏ తీగో రాయించి ఉంచండి. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మనవలు ముచ్చటపడినా సరే, ఈ పని తెలిసినవారికే అప్పగించండి.