బడి పద్దు - పిల్లల లెక్క

మన పల్లెబడులలో లెక్కలు రెండు విధములుగా నున్నవి. ఒకటి నల్లబల్లమీది లెక్క. రెండవది బీరువాలోని జమాఖర్చుల లెక్క. మొదటిది పిల్లలది, రెండవది పెద్దలది. ఈ రెంటికిని నడుమ గోడ యుండనక్కరలేదు. బడికి వచ్చు సొమ్ము లెక్కనే ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలకు గణితపాఠముగా చెప్పవచ్చునని మనవి చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

లాభనష్టముల లెక్కలలో ఎవడో యొక వర్తకుడు మామిడిపండ్లను కొని అమ్ముచుండును. ఆ వర్తకుని పిల్లవాడెన్నడును చూచి యెరుగడు. లెక్క తప్పినను ఎవరికిని నష్టము లేదు. బడి పద్దు అట్టిది కాదు. తాను కూర్చున్న గది మరమ్మతు, తాను త్రాగు నీరు, తన నల్లబల్లమీది సుద్దముక్క - అన్నియు నందులోనివే.

ఉదాహరణమునకు, 2018లో నారంభమైన సమగ్ర శిక్షా పథకమును తీసికొందము. అందు ప్రభుత్వ పాఠశాలలకు ఏటేట నొక గ్రాంటు ఏర్పరచిరి. 2021లో సవరించిన నియమముల ప్రకారము ఆ మొత్తము పిల్లల సంఖ్యనుబట్టి యుండెను. 30 మంది వరకు 10,000 రూపాయలు. 31 మొదలు 100 వరకు 25,000. 101 మొదలు 250 వరకు 50,000. 251 మొదలు 1,000 వరకు 75,000. అంతకు మించిన 1,00,000. ఎంత చెట్టుకంత గాలి యని తోచును. కాని పిల్లలచేత భాగహారము చేయించి చూడుడు.

100 మంది గల బడిలో తలకు 250 రూపాయలు వచ్చును. ఇంకొక్క పిల్ల చేరి 101 అయినచో తలకు సుమారు 495 రూపాయలగును. 250 మంది గల బడిలో 200. 1,000 మంది గల బడిలో 75 మాత్రమే! ఇదియంతయు ఆరవ తరగతి భాగహారమే. ఈ పథకపు వ్యయమును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో కేంద్రమును రాష్ట్రమును 60:40 నిష్పత్తిలో భరించునట్లు నియమము. 25,000లో ఎవరి వంతెంత? 15,000, 10,000. నిష్పత్తి పాఠము ముగిసినది. గ్రాంటులో నూటికి 10 వంతులకు తక్కువ కాకుండ పరిశుభ్రతకు వినియోగింపవలెనని మరియొక నియమము. 25,000కు అది 2,500. ఇది ఏడవ తరగతి శాతముల పాఠము.

ఎనిమిదవ తరగతివారికి ఇంకను మంచి పాఠము కలదు. 50 మందికిని 100 మందికిని వచ్చు మొత్తమొక్కటే గనుక, పిల్లలు రెట్టింపైన తలవంతు సగమగును. ఇదియే విలోమానుపాతము. గళ్ళకాగితముపై మొత్తపు గీతను గీయించిన నది మెట్లవలె లేచును. తలవంతు గీత మెట్టు మెట్టునకు ఎగసి మరల జారును.

ఇక్కడ ఉపాధ్యాయుడు తొందరపడరాదు. తలవంతు తక్కువైనచోట అన్యాయమని పిల్లలచేత పలికించుట పాఠము కాదు. నల్లబల్ల పదిమందికైనను ఒకటి, నలుబదిమందికైనను ఒకటి. సుద్దముక్కలట్లు కాక తరగతులు పెరిగినకొలది పెరుగును. ఏ ఖర్చు తలలనుబట్టి పెరుగును, ఏది పెరుగదు అని పిల్లలే విడదీయవలెను. సరాసరి యొక్కటే సత్యమంతయు చెప్పదని తెలియుట గణితములో పెద్ద మెట్టు.

ఇక మెట్టు అంచున నున్న బడిని తలచుకొనుడు. 31 మంది యున్నచోట ఒక్క బాలిక బడి మాని పత్తి యేరుటకు పోయినచో సంఖ్య 30 అగును. పై నియమముచొప్పున 25,000 కాస్త 10,000కు దిగును. నష్టము 15,000. అయితే ఆ బాలిక విలువ పదునైదువేలేనా? సంఖ్య 60 నుండి 59కి దిగినచోట గ్రాంటునకు ఒక్క రూపాయియు తగ్గదు. అక్కడ పోయిన బాలికకు విలువ లేదా? రూపాయి కొలుచునది వేరు, కొలువలేనిది వేరు. అట్లే, అంచున నున్న బడిలో లేని పిల్ల పేరు హాజరుపట్టీ కెక్కింప నాశ పుట్టవచ్చును. తమ తరగతిలోని తలలను తామే లెక్కించు పిల్లలముందు ఆ దొంగలెక్క నిలువదు.

పెద్దలారా, ఇది మీ చేతిలోని పని. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య కమిటీ నేర్పరచి, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెనని, కమిటీలో సగము స్త్రీలుండవలెనని విధించినది. గ్రాంటుల వినియోగమును కనిపెట్టుట ఆ కమిటీ విధులలో నొకటి. కావున ఏడాది కొకమారు మూడు సంఖ్యలను బడిగోడపై వ్రాయింపుడు: నియమముచొప్పున రావలసినదెంత? చేతికందినదెంత? ఖర్చయినదెంత? తీసివేత పిల్లలు చేయుదురు. తేడా వచ్చినచో దానిని నేరముగా గాక ప్రశ్నగా వ్రాయుట నేర్పుడు. రసీదు చూపి జవాబు చెప్పుట పెద్దల వంతు.

పిల్లలు అడుగుదురని వెరచి పద్దు దాచిన, వారు రేపు పెద్దలై అడుగుటయే మరతురు. నేడు బడి పద్దు చదువ నేర్చిన పిల్లవాడు రేపు పంచాయతీ పద్దును చదువగలడు. ఊరికి అంతకంటె నమ్మకమైన కావలి లేదు.