పటము మీది వీరుడు



మీ మనుమలు చేతబట్టుకొని తిరుగు బొమ్మల కథల పుస్తకములను మీరు చూచియే యుందురు. బిగువైన దుస్తులు తొడిగి, వీపున ఉత్తరీయము ఎగురుచుండగా ఆకాశమున పోవు వీరుడొకడు, పుటపుటకు గళ్ళు, గడిగడికి ఒక చేష్ట. సూపర్‌మ్యాన్ అను వీరుడు 1938వ సంవత్సరమున అమెరికాలో ఇట్టి పుస్తకమునందే మొదట వెలువడెను. బొమ్మల వరుసలతో వీరుని కథ నడుపుట పాశ్చాత్యుల విద్య యని కొందరందురు. నేనొప్పుకొనను. మన తెలంగాణమున నకాషీవారు ఈ పనిని నాలుగు వందల యేండ్లనుండి చేయుచున్నారు. 1625 నాటి భావనాఋషి పటమొకటి హైదరాబాదునందలి మిత్తల్ దంపతుల కళాసంగ్రహమున నేటికిని కలదు.

భావనాఋషి యెవరో మీకు చెప్పనక్కరలేదు. కృష్ణ కావల నడిగడ్డలోని గద్వాల మగ్గములను మీరెరుగుదురు. పద్మశాలీలకు ఆయన మూలపురుషుడు. తామరతూటి నారతో దేవతలకు వస్త్రము నేసినవాడు, సూర్యుని కుమార్తెయగు భద్రావతిని పెండ్లాడినవాడు, పులినెక్కినవాడు. ఇంతకంటె వీరుడెవడు కావలెను?

ఆయన కథను పద్మశాలీల యిండ్లకు వచ్చి చెప్పువారు కూనపులివారు. వారి పటము ఇంచుమించు మూడడుగుల వెడల్పు. నిడివి నలుబది, అరువది అడుగులు. ఖద్దరు గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల అంబలియు, జిగురును పూసి ఆరబెట్టి దానిపై వ్రాయుదురు. మొదట గణపతి, తరువాత కథ.

ఇక నడక సంగతి. పటమున బొమ్మలు అడ్డవరుసలుగా నుండును. వరుసకు వరుసకు నడుమ పూలతీగ అంచు. అంచు దాటినచో ఒక ఘట్టము గడచినదన్నమాట. ఘట్టము పెద్దదైనచో వెడల్పంతయు ఆక్రమించును. చిన్నవైనచో ఒక్క వరుసలోనే రెండుమూడు ఇమిడి, నడుమ చెట్టో స్తంభమో హద్దుగా నిలుచును. వెనుక నేల యెర్రన. వాకిట చివర కూర్చున్నవానికి సైతము ఆకారములు విడివిడిగా కనబడుటకు ఆ యెరుపే తోడ్పడునని నా యూహ. సూపర్‌మ్యాన్ దుస్తు మారనట్లే, పటమునందును వీరుని కిరీటము, మేని రంగు మారవు. ఏ వరుసలో చూచినను చిన్నపిల్లవాడు గుర్తుపట్టును.

అచ్చు పుస్తకమున పుట త్రిప్పువాడు చదువరి. చిత్రకారుడు వింతను మరుపుటలో దాచి, వానిచే పుట త్రిప్పించుకొనవలెను. పటమున దాచునది చుట్ట. పులి రానున్నదని సభ కంతకును తెలియును. పులి మాత్రము చుట్టలోనే యున్నది! కథకుడు బెత్తముతో ఒక బొమ్మను చూపి, పాడి, హాస్యమాడి, సభ తొందరపడువరకు ఆగి, అప్పుడు విప్పును. నిద్రమబ్బు కనబడినచో రెండు వరుసలు గబగబ దాటించును. ఇట్లు ఒక్క పటము కొన్ని రాత్రులు సాగును. నకాషీవాడు వ్రాసినది సగము నడకయే. తక్కిన సగము కథకుని గొంతులో నున్నది.

నేడు సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీవారు గోడకు తగిలించుకొను చిన్న బొమ్మలను వ్రాయుచున్నారు. కొనువారున్నారు, ఆ కుటుంబములకు కూడు దొరకుచున్నది. దీనిని నేను తప్పుపట్టను. అయితే ఒక్క గడిని కత్తిరించి పటము కట్టినచో భావనాఋషి పులిపై కూర్చుండియే యుండును. ఎక్కడనుండి వచ్చెనో, ఎక్కడికి పోవునో తెలియదు. చినిగిన పాత పటమును నదిలో విడిచి, క్రొత్తది వ్రాయించుకొనుట కథకుల ఆచారము. పటము పోయినను మరల వ్రాయవచ్చును. కథకుడు ఎచ్చట నిలిచెడివాడో, ఎచ్చట పరుగెత్తెడివాడో ఏ గుడ్డమీదను వ్రాసి లేదు.

మీలో పటము కథ విన్నవారున్నచో, ఆ నిలుపులను మీ మనుమలచేత ఒక పుస్తకమున వ్రాయించి పెట్టుడు. భద్రావతి పెండ్లి ఘట్టమునుండి మొదలిడుట మేలు. విన్నవారు దానిని సులభముగా మరువరు.