మన చెరువు లెక్క మనమే రాసుకుందాం

(మండల రైతు సంఘం సమావేశంలో గుంటూరు జిల్లాకు చెందిన ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి మిర్చి ధర, యూరియా, కౌలు కార్డుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను పిట్టల గురించి మాట్లాడతానంటే వెనక కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. నాలుగేళ్ల కిందట నేనూ నవ్వాను. టౌను నుంచి పక్షుల క్లబ్బు వాళ్లు మెడలో బైనాక్యులర్లు వేసుకుని మా చెరువు కట్ట మీదికొస్తే, పనీపాటా లేని జనం అనుకున్నాను.

వాళ్లలో ఒక కుర్రాడు నా బర్రె మీద వాలిన నల్ల పిట్టను చూపించి, "బాబాయ్, దీన్ని మీ ఊళ్లో ఏమంటారు?" అన్నాడు. "పసులపోలిగాడు. బర్రె నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగుల్ని పట్టుకు తింటుంది" అన్నాను. అతను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు. పదో తరగతితో ఆపేసిన నా మాటను ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి. ఆ పై ఆదివారం నేనూ వాళ్లతో వెళ్లాను.

ఈ తిరుగుడుకు కాలాలున్నాయి. చలి మొదలయ్యాక ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతల నుంచి బాతులు, ఉల్లంకి పిట్టలు దిగుతాయి. అప్పుడు చెరువులకు వెళ్తాం. మనకు దగ్గరే ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్లు పెట్టి పిల్లల్ని చేసుకుంటాయి. ఊరివాళ్లు తరమలేదు కాబట్టే అవి నిలిచాయి. జనవరిలో నీటిపక్షుల లెక్క ఉంటుంది. 1987 నుంచి ఆసియా దేశాల్లో ఏటా జరుగుతున్న పని ఇది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎవరి పెరట్లో, ఎవరి చేలో వాళ్లు కనీసం పావుగంట నిలబడి లెక్కపెట్టే కార్యక్రమం ఇంకోటి. వానాకాలంలో నాట్ల వెంట తిరిగే కొంగల్ని చూస్తాం.

లెక్కపెట్టడం తేలికనుకున్నాను. కాదు. పొద్దు పొడవకముందే కట్ట మీద ఉండాలి. ఒకరు చూస్తారు, ఒకరు రాస్తారు. గుంపు పెద్దదైతే ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకుని, మిగతా గుంపును పదులతో కొలుస్తారు. ధాన్యం రాశిని చూసి ఇన్ని బస్తాలవుతుందని మనం చెప్పడం లాంటిదే. గుర్తుపట్టలేని పిట్టకు పేరు పెట్టకూడదు. పోయినేడు ఉండి ఈ ఏడు కనపడకపోతే, కనపడలేదనే రాయాలి. సున్నా కూడా లెక్కే.

ఈ లెక్కల వల్ల ఒరిగేదేమిటని అడుగుతారు. రాబందుల సంగతి చెబుతాను. మన చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చస్తే గంటల్లో ఎముకలు మిగిల్చేవి. తర్వాత ఎప్పుడు మాయమయ్యాయో మనం పట్టించుకోలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఏళ్ల తరబడి లెక్కపెడుతున్నవాళ్లు పట్టించుకున్నారు. 1992లో దేశంలో వెయ్యి తెల్లవీపు రాబందులుంటే 2007 నాటికి ఒక్కటి మిగిలిందని తేలింది. పశువులకు నొప్పి తగ్గడానికి పొడిచే డైక్లోఫెనాక్ ఇంజెక్షనే కారణమని 2004లో రుజువైంది. మందు పడిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చేది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఆ ఇంజెక్షన్ మన పశువులకే పడింది. మనకు తెలియదు, చెప్పినవాడూ లేడు. ఆ లెక్క లేకపోతే ఈ రోజుకీ తెలిసేది కాదు.

నా తప్పూ చెప్పుకోవాలి. ఒక ఏడు మినుములో ఎలుకలు ఎక్కువైతే గట్ల వెంట మందు పెట్టాను. కొన్నాళ్లకు తాటిచెట్టు కింద గుడ్లగూబ చచ్చి పడుంది. మందు తిన్న ఎలుకను తిని ఉంటుంది. రోజూ రాత్రి కూలి అడగకుండా నా చేలో ఎలుకలు పట్టే దాన్ని నేనే చంపుకున్నాననిపించింది. ఇప్పుడు బొరియలు తవ్విస్తున్నాను, బుట్టలు పెడుతున్నాను. శనగలో, కందిలో ఎకరానికి పది పదిహేను పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ అధికారులు చెబుతూనే ఉంటారు. టీ ఆకారంలో కట్టిన కర్ర, అంతే. పసులపోలిగాడు దాని మీద కూర్చుని శనగపచ్చ పురుగును ఏరుకు తింటుంది. అదొక్కటే పురుగును ఆపుతుందని నేననను. ఒక పిచికారీ తగ్గినా ఖర్చు తగ్గినట్టే.

"నెమళ్లు విత్తనం ఏరుకు తింటున్నాయి, చిలకలు జొన్న కంకుల్ని కొరికేస్తున్నాయి, దానికేం చెబుతావ్?" అని మన సభ్యులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. క్లబ్బు వాళ్ల ముందు కూడా ఇదే అన్నాను. నెమలిని ముట్టుకోవద్దని చట్టం ఉంది, సరే. పోయిన పంటకు పరిహారం ఎవరివ్వాలి? కాపాడే భారమంతా రైతు నెత్తిన వేయడం అన్యాయం. అందుకే ఎన్ని నెమళ్లు దిగాయి, ఎన్ని సాళ్లు పోయాయి, ఏ తేదీన అన్నది మనం రాయాలి. "చాలా పోయింది" అంటే ఆఫీసులో ఎవరూ వినరు. రాసిన కాగితానికే విలువ.

ఇక మా చెరువు విషయం. దాని కింద ఆయకట్టు ఉంది, పశువులకు నీళ్లున్నాయి. ఒక పక్క నుంచి మట్టి తోలి పూడుస్తున్నారు, ప్లాట్లు వేస్తారని ఊళ్లో మాట. అడిగితే "అది ఎప్పుడో ఎండిపోయిన చెరువు" అన్నారు. మా దగ్గర మూడు జనవరుల లెక్క ఉంది. తేదీ, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, ఏ పిట్టలు ఎన్ని, ఫొటోలు. నత్తగుల్ల కొంగలు మొదటి ఏడు 36, మొన్న జనవరిలో 11. ఎండిపోయిన చెరువులో నత్తలుండవు, నత్తలు లేకపోతే ఆ కొంగ రాదు. ఈ కాగితాలు జతచేసి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాం. సర్వేకు మనుషులొచ్చి కొలిచి వెళ్లారు. ఇంకా తేలలేదు. తేలేదాకా తిరుగుతాం.

మన పంట దిగుబడి, మన నష్టం, మన నీళ్లు, అన్నీ వేరేవాళ్లే లెక్క కడుతున్నారు. వాళ్ల అంకె ముందు మన నోటిమాట నిలవడం లేదు. అందుకే ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చే జనవరిలో మన మండలంలో ప్రతి చెరువు మీదికి సంఘం నుంచి ఇద్దరు వెళ్లాలి. ఒకరు పెద్దవాళ్లు, ఒకరు బడి పిల్లలు. క్లబ్బు వాళ్లు వచ్చి నేర్పుతామన్నారు. బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు, నోటుబుక్కు మరవొద్దు. పిట్ట పేరు మీ ఊళ్లో ఏమంటారో అదే రాయండి.

వచ్చేవాళ్లు సమావేశం అయ్యాక కార్యదర్శి దగ్గర పేర్లివ్వండి. మా చెరువుకు నేనెలాగూ వెళ్తాను.

సెలవు.