శర్కరయు వాతరక్తమును
(సికిందరాబాదు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. నేను వైద్యుడను గాను. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్న బడిపంతులను. మాటల యర్థము విచారించుట నా వృత్తి గనుక మాటతోనే యారంభించెదను.

శర్కర యను పదమునకు గులకరాయి, ఇసుకరేణువు అని యర్థము. చెఱకురసమును కాచినపుడు రవ్వరవ్వగా నేర్పడు తీపి పదార్థమునకును ఆ పేరే వచ్చినది. మన చక్కెరయు, పారసీకుల షకరును, ఆంగ్లేయుల షుగరును ఆ మూలమునుండి పుట్టినవే. మన వైద్యగ్రంథములు మూత్రమార్గమున బడు సన్నరాళ్లను గూడ శర్కర యనియే వ్యవహరించినవి. ఒకే మాట నోటికి తీపియు దేహమునకు రాయియు నగుట పూర్వులకు రూపసామ్యమువలన గలిగినది. నేటి శాస్త్రమును జూడగా ఆ రెండింటికిని నిజమైన చుట్టఱికమే కలదని తెలియుచున్నది. అదియే నేటి నా విషయము.

రాత్రివేళ అకస్మాత్తుగా కాలి బొటనవ్రేలి మొదట వాచి, ఎఱ్ఱబడి, దుప్పటి తగిలినను ఓర్వరాని బాధ గలిగించు వ్యాధిని నేడు గౌటు అనుచున్నారు. చరకసంహిత చికిత్సాస్థానమున 29వ అధ్యాయమందు చెప్పబడిన వాతరక్తమునకును దీనికిని చాల పోలిక కలదు. వాతరక్తమునకు ఆఢ్యవాతమని నామాంతరము. ఆఢ్యుడనగా ధనవంతుడు. సుకుమారులై, రుచిగల భోజనము చేయుచు, నడక లేనివారికి అది తఱచుగా వచ్చునని గ్రంథకర్త యభిప్రాయము. కాని నేడు తీపియు, కూర్చుండి చేయు పనియు ధనవంతుల సొత్తులు గావు. కావున ఈ వ్యాధియు ధనవంతుల గడపలను మాత్రమే వెదకికొనుట లేదు.

దీనికి మూలము యూరిక్ ఆమ్లము. మన కణములలోని ప్యూరినులను పదార్థములు విఱిగినపుడు ఇది పుట్టును. అనేక జంతువులకు దీనిని మరల విఱుగగొట్టు యూరికేసు అను ఎంజైము కలదు, మనుష్యునకు లేదు. పుట్టిన యామ్లములో సుమారు మూడింట రెండు పాళ్లు మూత్రపిండములును, తక్కినది ప్రేవులును వెడలింపవలయును. రక్తమున డెసిలీటరునకు సుమారు 6.8 మిల్లీగ్రాములు మించినయెడల అది కరగి యుండజాలక, సూదులవంటి స్ఫటికములై కీళ్లలో జేరవచ్చును. మూత్రపిండములలో రాళ్లుగను గట్టవచ్చును. మించినవారి కందఱికిని వ్యాధి రాదు. వంశగుణమునకును, మూత్రపిండముల శక్తికిని ఇందు గొప్ప పాత్ర కలదు. అవి మన చేతిలోనివి గావు. చేతిలో నున్నది ఆహారము.

ఇక చక్కెర సంగతి. మనము వాడు పంచదారలో సగము గ్లూకోజు, సగము ఫ్రక్టోజు. గ్లూకోజును దేహమంతయు వాడుకొనును. ఫ్రక్టోజులో చాలభాగము కాలేయమునకు జేరును. అచ్చట దానిని మార్చుటకు ఏ.టి.పి. యను శక్తిద్రవ్యము ఖర్చగును. ఈ ద్రవ్యమును 1929లో లోకమునకు దెలిపినవారిలో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో ఆయన ఫిస్కేతో గూడియు, జర్మనీలో లోమాను వేఱుగను, ఆ సంవత్సరమే దానిని ప్రకటించిరి. గ్లూకోజు విషయమున కాలేయము అవసరము జూచి ఖర్చు చేయును. ఫ్రక్టోజు విషయమున ఆ యదుపు లేదు. ఒక్కుమ్మడిగా తీపి వచ్చిపడినపుడు ఏ.టి.పి. వేగముగా వ్యయమై, దాని శేషము విఱిగి విఱిగి తుదకు యూరిక్ ఆమ్లముగా మాఱును. 1967లోనే పెర్హీంతుపా, రైవియో అను ఫిన్లెండు వైద్యులు ఫ్రక్టోజువలన రక్తమున ఈ యామ్లము పెరుగుటను లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన మాట గాదు. అమెరికాలో 46,393 మంది పురుషులను 12 సంవత్సరములు గమనించి 2008లో ప్రకటించిన పరిశోధనలో, తీపి శీతలపానీయములు దినమునకు రెండుగాని అంతకు మించిగాని త్రాగువారికి, నెలకొక్కటియైన త్రాగనివారికంటె గౌటు సంభవము 85 శాతము అధికముగా గనబడినది. చక్కెర లేని శీతలపానీయములతో అట్టి సంబంధము గానరాలేదు. 2010లో స్త్రీలయందును ఇట్టి ఫలితమే వెలువడినది. ఇట్టి గమనికలు కారణమును పూర్తిగా నిరూపింపజాలవు. కాని కాలేయము చెప్పు సాక్ష్యమును ఇవి బలపఱచుచున్నవి.

మహాజనులారా! మన యిండ్లలో జరుగుచున్న దేమి? యూరిక్ ఆమ్లము పెరిగినదని పరీక్షాపత్రము రాగానే కందిపప్పు మానుదురు, పాలకూర మానుదురు. మాంసము నెఱుగని యింట పప్పే బలము. అదియు బోయిన పిమ్మట మిగులునది వరియన్నమును చారును. కాని ఉదయమునుండి రాత్రివరకు నాలుగుమారులు చాయి త్రాగుట మానరు. ఒక్కొక్క కప్పునకు రెండేసి చెంచాలైన దినమునకు ఎనిమిది చెంచాలు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో మేలని సూచించిన మితి సుమారు 25 గ్రాములు, అనగా ఆఱు చెంచాలు. శీతలపానీయము సీసాలలో సాధారణముగా 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర యుండును. చిన్న సీసా యొక్కటితోనే ఆ మితి తీఱిపోవును. 2004లో ప్రకటింపబడిన వేఱొక పెద్ద పరిశోధనలో మాంసము, చేపలు, రొయ్యలు మొదలగునవి గౌటును పెంచునవిగా దేలినవి. ప్యూరినులుగల కాయకూరలు పెంచునవిగా దేలలేదు. పాలు, పెరుగు, ముఖ్యముగా వెన్న తీసినవి, దానిని తగ్గించునవిగా గనబడినవి. మద్యము, అందును బీరు, హానికరమే. నిరపరాధియగు పప్పునకు శిక్ష వేసి, అపరాధిని చాయికప్పులో గూర్చుండబెట్టి మర్యాద చేయుచున్నాము.

బెల్లము మంచిది, తేనె మంచిది యని కొందఱందురు. బెల్లములో అధికభాగము పంచదారలోని తీపియే. తేనెలో సుమారు 40 పాళ్లు ఫ్రక్టోజు. శ్రీరామనవమినాడు ఒక గ్లాసు పానకము ద్రావుట దోషము గాదు. దినదినమును నవమి చేసికొనుట దోషము. పండ్లను కొఱికి తినినయెడల తీపి మెల్లమెల్లగా జేరును. పిండి, వడగట్టి, చక్కెర కలిపి త్రాగిన ఆ మేలు పోవును.

ఈ మాటలకు మన యూరనే ప్రమాణము కలదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనగా నారంభమై, 1958లో ఇచ్చటికి వచ్చి, తార్నాకలో వెలసియున్న జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో 17 ఆహారసూత్రములను ప్రకటించిరి. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగా గల పదార్థములను మితపఱచుమని వారు హెచ్చరించినారు.

వ్యాధి ముదిరినవారు ఆహారనియమము మాత్రమే చాలునని మందు మానరాదు. ఈ యామ్లము పుట్టుటను తగ్గించు అల్లోప్యూరినాల్ అను నౌషధము 1966నుండి అమెరికాలో వాడుకలో నున్నది. దానిని సృజించిన హిచింగ్సు, ఎలియను అనువారికి 1988లో నోబెల్ బహుమానము లభించినది. వైద్యుని యడుగక నొప్పి బిళ్లలను దినదినము మ్రింగుట మూత్రపిండములకే చేటు. మూత్రపిండములు చెడిన ఆమ్లము వెడలు త్రోవయే మూతపడును.

కావున మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది, మన పెండ్లిండ్లలో అతిథికి ముందుగా నందించు తీపి సీసాకు బదులు అల్లము, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ నిచ్చుట. రెండవది, సంఘసభలలో చాయిని చక్కెర లేకయే పోసి, చక్కెర గిన్నెను ప్రక్కన నుంచుట. వలసినవారు వలసినంత వేసికొందురు. మూడవది, వసతిగృహమునకు విరాళములిచ్చు దాతలు పిల్లలకు మిఠాయిలకు బదులు పప్పును, పెరుగును, పండ్లను సమకూర్చుట.

తీపి వద్దన్నవానిని మర్యాద దెలియనివానిగా జూచు వాడుక మనలో నున్నంతకాలము, వైద్యుని మాట పందిటి గుంజ దాటి లోపలికి రాజాలదు. బంధువు నొచ్చుకొనునని భయపడి తీపి పుచ్చుకొని, రాత్రి కాలు పట్టుకొని యేడ్చు పెద్దలు మనలో నుండగూడదు. ఆ వాడుకను మార్చుట ఒక యింటివలన గాదు, సంఘమువలన నగును. సంఘమను మాటకు కూడిక యనియే గదా భావము. ఈ మనవులను మీరు దయతో నాలకించి తీర్మానింతురని నమ్ముచున్నాను.