ఆటో సర్వీసింగు: బిల్లులో ఏముంటుంది?

నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య 40వ నంబరు జాతీయ రహదారిపై ఆటో తిప్పే అన్నలకు నాలుగు మాటలు.

కొత్త బండికి షోరూములో చేసే ఫ్రీ సర్వీసులో మామూలుగా ఉచితమయ్యేది కూలి ఒక్కటే. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్ల డబ్బు మనమే కట్టుకోవాలి. ఫ్రీ సర్వీసులు అయిపోయాక కూలి, దానిపై 18 శాతం జీఎస్టీ కూడా బిల్లులో చేరతాయి. ఇదివరకు 28 శాతం పన్నున్న విడిభాగాలకు 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే.

అదే ఏడాది అక్టోబరులో ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం అర్హులకు 15,000 రూపాయల చొప్పున ఇచ్చింది. అలాంటి సొమ్ము చేతికొచ్చినప్పుడు కొంత సర్వీసుకని పక్కన పెట్టండి.

బండి అప్పగించే ముందే ఖర్చు అంచనా రాయించుకోండి. మార్చిన పాత క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు చూపించమని అడగండి. బిల్లు దాచుకోండి. ఆయిలు మార్చకుండా నెట్టుకొస్తే మిగిలేది వందలు. ఇంజను బోరుకొస్తే పోయేది వేలు.