ఇంటి పిండివంటలు, ఇంటి నక్షత్రం

(ఖుర్దారోడ్‌లో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుకమీద ఉండగానే క్రిస్మస్ పిండివంటలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ఉగాదినాడు క్రిస్మస్ ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే మన కాలనీలో పండుగలు ఒక్కొక్క ఇంటికే పరిమితమై జరగవు గదా. సంక్రాంతికి అరిసెలు వండే చేతులూ, క్రిస్మస్‌కు అరిసెలు వండే చేతులూ పక్కపక్క క్వార్టర్లలోనే ఉన్నవి. పైగా పండుగకు తొమ్మిది నెలలు ముందుగానే మాట్లాడుకొంటే చేయదలచినది చేయడానికి వ్యవధి ఉంటుంది. మేము పండితులం కాము. మెట్రిక్ దాకా చదువుకొని రైల్వే ఆఫీసులో కాగితాలు చూసుకొనేవాళ్లం. కాబట్టి మా ఇళ్లలో చూచినదీ, మా పెద్దలు చెప్పగా విన్నదీ మాత్రమే మనవి చేస్తాము.

1890లలో బెజవాడనుండి కటకందాకా ఈస్టు కోస్టు రైలు మార్గం వేశారు. 1897లో ఖుర్దారోడ్‌నుండి పూరీకి దారి చీలింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాలనుండి మన పెద్దలు వచ్చి స్థిరపడ్డారు. మా తాతగారు బి.ఎన్.ఆర్. అనే పేరున్న రోజులలో గ్యాంగులో కూలిగా వచ్చారు. వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకొన్న సామాను ఒక ట్రంకుపెట్టె. పెళ్లయిన తరువాత మా మామ్మ తెచ్చుకొన్న సామానులో ఒక జత అరిసె చెక్కలు, ఒక గవ్వల చెక్క ఉన్నవి. ట్రంకుపెట్టె ఎప్పుడో తుప్పుపట్టి పోయినది. చెక్కలు మాత్రం నేటికీ మా వంటింట్లో ఉన్నవి.

క్రిస్మస్ అనగానే కేకు గుర్తుకు వస్తుంది. కాని తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ముందుగా తలచుకొనేది అరిసె. డిసెంబరు నాటికి కోతలు అయి కొత్త ధాన్యం ఇంటికి చేరుతుంది, కొత్త బెల్లమూ రావడం మొదలవుతుంది. పల్లెలో పండుగ ఏదైనా పంటనుబట్టే పిండివంట. అందుచేత జనవరిలో సంక్రాంతికి వండేదే మూడు వారాలు ముందుగా క్రిస్మస్‌కు వండుతారు.

అరిసె చేయడం చూడడానికి తేలిక, చేయడానికి కష్టం. బియ్యం కనీసం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి. మధ్యలో నీళ్లు మార్చాలి. నీళ్లు ఓడ్చి, బట్టమీద నీడను ఆరబెట్టి, తడి పూర్తిగా ఆరిపోకముందే దంచి జల్లించాలి. పిండిని గుప్పిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి. నిలవకపోతే ఆరిపోయినదన్నమాట. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం మా ఇంటి లెక్క. బెల్లాన్నిబట్టి కొంచెం ఎక్కువ తక్కువలు ఉంటవి. పాకం చుక్కను నీళ్ల గిన్నెలో వేసి వేళ్లతో కూడదీస్తే మెత్తని ఉండ కావాలి. లేత పాకంలో పిండి కలిపితే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే పళ్లకు పని పెడుతుంది. పాకం దింపి, ఏలకుల పొడి, నెయ్యి వేసి, ఒకరు పిండి పోస్తూ ఉంటే మరొకరు తెడ్డుతో కలపాలి. ఆ చలిమిడిని నువ్వులు అద్ది ఆకుమీద తట్టి, కాగిన నూనెలో వేసి, పొంగిన వెంటనే తీసి రెండు చెక్కల మధ్య నూనె ఓడేటట్లు నొక్కాలి. ఒంటిచేతిమీద అరిసెలు వండడం ఎవరి తరమూ కాదు. దంచేవారు, కలిపేవారు, తట్టేవారు, నొక్కేవారు, తీసిన వాటిని ఎంచే నెపంతో తినే పిల్లలు, ఇందరు ఉంటేనే అరిసెల వంట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన పొరుగున ఉన్న ఒడియా వారిని అడిగి చూడండి. బియ్యపు పిండి, బెల్లపు పాకం, నువ్వులు కలిపి వారు చేసే పిండివంట పేరు ఆరిస పిఠా. తమిళులు అదిరసం అంటారు. కన్నడ దేశంలో కజ్జాయ అంటారు. మరాఠీ వారి అనారసెలో పిండి పులియబెట్టే పద్ధతి వేరుగాని చుట్టరికం కనిపిస్తూనే ఉన్నది. సోలాపూరులో, హుబ్లీలో, మద్రాసులో, బరంపురంలో ఉన్న మన వారందరూ ఏ ఊరికి వెళ్లినా అరిసె వారికంటె ముందుగానే అక్కడ ఉన్నది. పరాయిదేశంలో ఉన్నామని దిగులుపడే మనకు ఇది కొంత ధైర్యం చెప్పే విషయం.

తరువాత గవ్వలు. మైదాపిండిలో కొంచెం నెయ్యి వేసి కలిపి, చిన్న ఉండలు చేసి, గవ్వల చెక్కమీద బొటనవేలితో నొక్కి జార్చితే గవ్వలాగా చుట్టుకొంటుంది. వేయించి బెల్లపు పాకం పట్టిస్తారు. గోవా, మంగళూరు క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు దీనినే ఫోర్కు వీపుమీదనో, కొత్త దువ్వెనమీదనో నొక్కి, పంచదార పట్టించి కల్‌కల్స్ అంటారు. మా చిన్నతనంలో ఇంటికి వచ్చిన ఒక ఆంగ్లో ఇండియన్ గార్డుగారి భార్య మా మామ్మ గవ్వల చెక్క చూచి, ఇది మీకెక్కడిదని ఆశ్చర్యపోయినది. ఆమె చేసేదీ ఇదేనని తెలిసి మా మామ్మ అంతకంటె ఎక్కువ ఆశ్చర్యపోయినది.

ఆ ఇళ్లనుండి మా ఇళ్లకు వచ్చినవి గులాబీ పువ్వులు. మైదా, బియ్యపు పిండి, పంచదార, కొబ్బరి పాలు, ఒక గుడ్డు కలిపి జారుగా చేసుకొంటారు. ఇనుప అచ్చును ముందు నూనెలో బాగా కాచి, పిండిలో ముప్పాతిక భాగం మాత్రమే ముంచాలి. పైదాకా మునిగితే పువ్వు అచ్చును వదలదు. అచ్చు కాగకపోతే పిండి అచ్చును పట్టదు. తిరిగి నూనెలో పెట్టి మెల్లగా కదిలిస్తే పువ్వు విడివడి తేలుతుంది. తమిళులు దీనిని అచ్చు మురుక్కు అనీ, మలయాళీలు అచ్చప్పం అనీ అంటారు. స్వీడను, నార్వే దేశాలలో కూడ ఇటువంటి అచ్చుతో క్రిస్మస్ వంట చేస్తారట.

కేకు సంగతి త్వరగా ముగిస్తాము. ఓవెను లేని ఇళ్లలో మందపాటి గిన్నెలో అంగుళం ఇసుక పోసి, దానిమీద ముక్కాలిపీట వంటిది పెట్టి, పైన కేకు డబ్బా ఉంచి, మూతమీద నిప్పులు వేసేవారు. కేకు కొంచెం మాడినా ఆ రోజు ఎవరూ వంక పెట్టేవారు కారు.

ఇంతవరకు ఆడవారి చేతి పని. మగవారికీ పిల్లలకూ నక్షత్రం ఉన్నది. తూర్పుదేశపు జ్ఞానులకు దారి చూపిన నక్షత్రానికి గుర్తుగా దీనిని ఇంటిముందు కడతారు. ఒకే పొడవుగల వెదురుబద్దలు పది చీల్చుకోవాలి. ఐదింటితో ఒక ఐదు మూలల చుక్క, తక్కిన ఐదింటితో మరొకటి కట్టాలి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలనూ దారంతో బిగించి కట్టి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటే ఐదు చోట్లా జానెడులో సగం పుల్లలు నిలబెడితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. గాలిపటం కాగితం మైదా జిగురుతో అంటించి, వెనుకవైపు దీపం పెట్టడానికి ఒక సందు వదలాలి. ఇప్పుడు చిన్న విద్యుద్దీపం పెట్టుకోవచ్చు, వేడెక్కనిది అయితే కాగితానికి భయం లేదు. సరుగుడు కొమ్మను చెట్టుగా నిలిపి రంగుకాగితాల గొలుసులు వేస్తారు. కొందరి ఇళ్లలో గడ్డితో పశువులపాక కడతారు. ఈ ఆచారానికి 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఫ్రాన్సిస్ అనే సాధువు చేసిన ఏర్పాటు మూలమని చెబుతారు.

రాత్రిపూట ఇంటింటికీ తిరిగి పాడే కీర్తనలలోనూ మన ఒడిశాకు పాలు ఉన్నది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రచించినవారిలో ప్రసిద్ధులైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టినవారు. ఆ పట్టణం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటువైపు చేరినది. ఆయన పాటలు సరిహద్దులు లెక్కచేయకుండా నేటికీ తెలుగు నేల అంతటా పాడుతున్నారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. పిండివంట వండిన తరువాత పళ్లెంలో పెట్టి గుడ్డ కప్పి ఇరుగుపొరుగుకు పంపడం మన ఆచారం. మా పెద్దల కాలంలో మా ఇంటి పళ్లెం అన్ని గుమ్మాలూ దాటేది కాదు. కొన్ని ఇళ్లకు అరటిపండ్లు, పటికబెల్లం మాత్రమే పంపేవారు. వండినది పంపితే వారు ఇబ్బంది పడతారని మా మామ్మ ముందే ఎరిగి ఉండేది. ఆమె ఎవరినీ ఒక్కమాట అనలేదు. పళ్లేలు సర్దేటప్పుడు మాత్రం ఏవి పండ్ల పళ్లేలో, ఏవి అరిసెల పళ్లేలో విడివిడిగా పెట్టేది. పిల్లలమైన మాకు కారణం అడగాలని ఉండేది. ఆమె ముఖం చూచి అడిగేవాళ్లం కాము.

1999 అక్టోబరు 29న మహా తుఫాను ఒడిశా తీరాన్ని తాకింది. మన కాలనీలోనూ చెట్లు కూలినవి, రోజుల తరబడి దీపం లేదు. ఉన్న బియ్యం, ఉన్న కట్టెలు ఒకచోట చేర్చి మా వరుసలోని ఆరు ఇళ్లవారు ఒక పొయ్యిమీద వండుకొన్నారు. ఎవరు గంజి వార్చారో, ఎవరు వడ్డించారో అప్పుడు ఎవరూ చూడలేదు. రెండు నెలలు తిరిగి క్రిస్మస్ వచ్చినది. మా మామ్మ అలవాటుగా పండ్ల పళ్లేలు సర్దుతూ ఉండగా, పక్క క్వార్టరు పెద్దమ్మగారు వచ్చి, "ఏమమ్మా, ఈ ఏడు మాకు అరిసెలు లేవా?" అని అడిగినది. ఆనాటినుండి మా వరుసలో రెండు రకాల పళ్లేలు లేవు. సంక్రాంతికి ఆ ఇంటి పళ్లెం మా ఇంటికి నిండుగా వచ్చినది.

ఇంత ప్రయాసతో గుమ్మం దాటిన పళ్లెం ఇప్పుడు మరొక కారణంవల్ల ఆగిపోతున్నది. అంగడిలో డబ్బా దొరుకుతున్నది. ఫోనులో చెబితే ఇంటికే వస్తున్నది. డబ్బా కొన్నవారిని మేము తప్పుపట్టడం లేదు. మన ఇళ్లలో ఆడవారు కూడ ఉద్యోగాలు చేస్తున్నారు. డ్యూటీ దిగి వచ్చిన మనిషిని బియ్యం నానబోయమని, పిండి కొట్టమని, రాత్రి పన్నెండుదాకా పొయ్యిదగ్గర నిలబడమని చెప్పి, మనం వరండాలో కూర్చుండి మన సంస్కృతి పోతున్నదని విచారించడం న్యాయం కాదు. పిండివంట ఆగిపోవడానికి ఆడవారి తీరిక ఎంత కారణమో, మగవారి బద్ధకమూ అంత కారణం.

రెండవది పిల్లల విషయం. వారు బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు ఇంట్లో వింటారు, చాలామంది చదవలేరు. చలిమిడి, ఉండపాకం, తెడ్డు, జల్లెడ వంటి మాటలు పుస్తకం పెట్టి నేర్పితే వారికి పట్టుబడవు. పొయ్యిదగ్గర ఒక సాయంకాలం కూర్చుంటే వాటంతట అవే వస్తవి. మా ఇంట పాకం చూచి దింపమనే మా మామ్మ ఇప్పుడు లేదు. ఆమె చేతి అంచనా మా అమ్మకు వచ్చినది. మా అమ్మకూ వయస్సు మీదపడుతున్నది. మీ ఇళ్లలోనూ ఇదే సంగతి అని మాకు తెలుసును.

అందుచేత సభవారికి మూడు మనవులు. ఒకటి, వచ్చే డిసెంబరులో క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం మన సంఘం ఆవరణలో అందరం కలిసి అరిసెలు వండుదాము. బియ్యం దంచడం, పాకం కలపడం, నూనెదగ్గర నిలబడడం మగవారి వంతు. పెద్ద ముత్తైదువలు కుర్చీలో కూర్చుండి పాకం చూచి చెబితే చాలును. రెండు, అదే రోజు పిల్లలచేత నక్షత్రాలు కట్టిద్దాము. వెదురు చీల్చడం మాత్రం పెద్దలు చేయాలి. సంక్రాంతికి వారే గాలిపటాలు కట్టుకొంటారు, పనితనం ఒకటే. మూడు, పిల్లలు తమ మామ్మలనూ అమ్మమ్మలనూ అడిగి ఒక్కొక్క పిండివంట తయారీని తెలుగు లిపిలో, తప్పులున్నా సరే, స్వయంగా వ్రాసి తేవాలి. వచ్చే ఉగాది సంచికలో కొన్ని పుటలు వాటికి కేటాయించవలసినదిగా సంపాదకవర్గాన్ని కోరుతున్నాము.

ఆ ఆదివారానికి మా ఇంటి అరిసె చెక్కలు, గవ్వల చెక్క మేము తీసికొని వస్తాము. మీ ఇళ్ల అటకలమీద ఉన్న అచ్చులు, చెక్కలు కూడ దింపి, కడిగి, ఎండబెట్టి తీసికొని రండి. బియ్యం శనివారం ప్రొద్దుటే నానబోయాలన్న సంగతి మరువవద్దు.