యాస ఎవరిది, నవ్వు ఎవరిది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

"ఇంగ్లండులో కొన్నేళ్లు పనిచేసొచ్చినావు, అక్కడి సంగతులు చెప్పు" అన్నారు సంఘం వాళ్లు. నా ఉద్యోగం సంగతులు చెబితే మొదటి వరుస కూడా నిద్రపోతుంది. అందుకని నాకిష్టమైన రెండు రకాల మనుషుల గురించి చెబుతా. ఒకరు బ్యాండు వాళ్లు, ఇంకొకరు నవ్వించే వాళ్లు. బ్యాండు అంటే మన పెళ్లి ఊరేగింపు బ్యాండు కాదు. నలుగురైదుగురు కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని సొంత పాటలు కట్టి పాడే జట్టు.

నేను పనిచేసింది షెఫీల్డులో. స్టీలుకు పేరుపడిన ఊరు. మొదటి నెల అక్కడి ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. బస్సును "బుస్" అంటారు. "ద" అనే మాటను సగం మింగేస్తారు. ఆ యాస విని లండన్ వాళ్లు నవ్వుతారని తర్వాత తెలిసింది. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ కథ నాకు ముందే తెలుసు.

మన ఊళ్లనుంచి పై చదువులకు పోయినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కాలేజీ పేరెందుకు గానీ, హాస్టల్లో మొదటి రాత్రి "బుడ్డలు తింటారా?" అని అడిగితే గదంతా ఒకటే నవ్వు. వేరుశనగలు అనాలంట. నాతో పాటు మన పక్కనుంచే వచ్చినవాడు ఒకడుండేవాడు. లెక్కల్లో మా అందరికన్నా ముందు. క్లాసులో వాడు లేచి నిలబడి "యాడ సార్?" అంటే చాలు, వెనక బెంచీలు అదే మాటను రాగం తీసేవి. నోరు తెరవడం మానేశాడు. తెలిసిన జవాబు కూడా చెప్పేవాడు కాదు. రెండో ఏడు మధ్యలో ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. ఇంట్లో ఇబ్బందులూ ఉండినాయి. ఆ నవ్వుల పాలు ఎంతో నేను లెక్కగట్టలేను. ఎంతో కొంత ఉంది.

ఇంగ్లండులోనూ ఇదే తంతు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, బీబీసీ రేడియో వార్తలు చదవడానికి విల్‌ఫ్రెడ్ పికిల్స్ అనే యార్క్‌షైర్ నటుణ్ణి పెట్టారు. షెఫీల్డు కూడా ఆ యార్క్‌షైర్‌లోదే. ఈ గొంతును జర్మన్లు అనుకరించలేరని సర్కారు ఆలోచన. విన్నవాళ్లలో చాలామంది, ఇదేం మాట, ఇవేం వార్తలని ఫిర్యాదులు చేశారు. అదే మనిషి 1946లో ఊరూరూ తిరిగి మామూలు జనాన్ని మాట్లాడించే రేడియో కార్యక్రమం మొదలుపెడితే, అది ఇరవై ఏళ్లు నడిచింది.

బీటిల్స్ పేరు మీరు వినే ఉంటారు. లివర్‌పూల్ రేవు పట్నం కుర్రాళ్లు. 1962లో వాళ్ల చేత రికార్డు చేయించిన జార్జ్ మార్టిన్ అంతకు ముందు ఎక్కువ పేరు తెచ్చుకున్నది హాస్యం రికార్డులతో. అందులో ఒకటి 1960లో పీటర్ సెల్లర్స్ పాడిన "గుడ్‌నెస్ గ్రేషస్ మీ". సెల్లర్స్ గొప్ప నటుడు, కాదనను. కానీ ఆ పాటలో ఆయన భారతీయ డాక్టరుగా మన ఇంగ్లీషును వెక్కిరిస్తాడు. దేశమంతా నవ్వింది. ముప్పై ఏళ్లు దాటాక అక్కడే పెరిగిన మనవాళ్ల పిల్లలు, మీరా స్యాల్, సంజీవ్ భాస్కర్ వాళ్లు, బీబీసీలో హాస్య కార్యక్రమం మొదలుపెట్టి దానికి అదే పేరు పెట్టారు! ఒక స్కిట్‌లో బొంబాయి మిత్రులు కొందరు ఇంగ్లీషు హోటలుకు పోయి, సర్వరు పేరును ఖూనీ చేసి, ఉన్నవాటిలో అన్నిటికన్నా చప్పటి కూర తెమ్మంటారు. ఈసారి తెల్లవాళ్లు కూడా నవ్వినారు, తమను చూసుకుని.

బ్యాండుకూ హాస్యానికీ అక్కడ చుట్టరికం దగ్గరిది. మాంటీ పైథాన్ హాస్య బృందం సినిమాకు పెట్టుబడి పెట్టాల్సిన కంపెనీ చివర్లో వెనక్కి పోతే, బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ సొంత డబ్బు పెట్టాడు. 1979లో వచ్చింది ఆ సినిమా. కారణం? తనకు చూడాలనుందట. మన దగ్గర ఆ బాకీ తిరగబడి తీరింది. పక్క కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన హాస్యనటుడు పద్మనాభం 1967లో సొంతంగా తీసిన "శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న"తోనే బాలసుబ్రహ్మణ్యం గొంతు సినిమాకెక్కింది.

అయితే పద్మనాభం తెర మీద మాట్లాడింది ఎక్కువగా సినిమా తెలుగే. మన మాట వినబడడానికి సిరివెళ్ల జయప్రకాశ్ రెడ్డి రావాల్సొచ్చింది. కొత్తపల్లె నుంచి సిరివెళ్ల ఎంత దూరమో మీకు నేను చెప్పాలా? ఆయనా ముందు బడిపంతులే. 1997లో "ప్రేమించుకుందాం రా", 1999లో "సమరసింహారెడ్డి". రెండింట్లోనూ ప్రతినాయకుడే. ఆ సినిమాలు మన యాసకు బాంబులు కట్టి వదిలాయి, అది నాకు ఇప్పటికీ మంటే. తర్వాత అదే యాసతో ఆయన నవ్వించడం మొదలుపెట్టాడు. చివరి దశలో "అలెగ్జాండర్" నాటకంలో వేదిక మీద ఒక్కడే నిలబడి మొత్తం నడిపించాడు. 2020 సెప్టెంబరులో పోయాడు.

ఇంజనీరును కాబట్టి నాకొక పరీక్ష ఉంది. హాస్యంలో యాస తీసేసి అదే ముక్క పుస్తకాల తెలుగులో చెప్పండి. అప్పుడూ నవ్వొస్తే అది హాస్యం. రాకపోతే, ఎవర్నో కిందేసి నవ్వినట్టు. సెల్లర్స్ పాట ఇందులో నిలవదు. జయప్రకాశ్ రెడ్డి మంచి సీన్లు నిలుస్తాయి.

నిన్న సాయంత్రం పిల్లల నాటిక రిహార్సలు చూసినా. బాగుంది. ఒక్కటే, కలెక్టరు వేషం వేసిన పాప టీవీ తెలుగు మాట్లాడుతోంది, తాగుబోతు వేషం పిల్లోడు మాత్రం మన యాస! తెలుగు మేడమ్‌తో రోంచేపు కూర్చుని మాట్లాడినాను. ఆమె నవ్వి, రాత్రికి రాత్రి కలెక్టరమ్మ మాటలన్నీ మార్చేసింది. తాగుబోతుకు టీవీ తెలుగు ఇచ్చింది. పాప గడగడా చెబుతాంది. ఏడు గంటలకు మొదలు. భోజనాలు బిరీన ముగించుకుని రాండి, ముందర కుర్చీలు తక్కువుండాయి.